బండి నవ్వు పొడుగైంది

మా వదినకి గొంతు దేవుడిచ్చాడు, హారను మా ఆయన ఇచ్చాడు. రెండోదాన్ని ఆవిడ ఎన్నడూ వాడలేదు.

వదిన అంటే మా ఆయనకి సొంత అక్క. బడిపిల్లల్ని తీసుకెళ్ళే వ్యాను నడుపుతుంది. పాత బండి కొనుక్కొచ్చిన మొదటిరోజే దాని హారను మూగబోయింది. సందు మలుపులో ఒక తోపుడుబండి అడ్డం వస్తే, కిటికీలోంచి తల బయటికి పెట్టి "జరగండో!" అని ఒక్క అరుపు అరిచింది. తోపుడుబండివాడు జరగడం కాదు, బండి అక్కడే వదిలేసి గోడకి అతుక్కుపోయాడు. మర్నాడు మా ఆయన కొత్త హారను బిగించి ఇచ్చినా ఆవిడకి ఆ అరుపే అలవాటైపోయింది. పిల్లలు హారనత్త అని పేరు పెట్టారు. పిల్లలు పెట్టిన పేరుకి తిరుగుంటుందా? బడి దగ్గర గేటు తీసే తాత కూడా, ఆవిడకంటే ఎంత పెద్దవాడో, "హారనత్త వచ్చింది, జరగండి" అనేవాడు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నా విషయంలో ఆ లెక్క తప్పు. ఈవిడ మొగుడిన్నర. నేను కాపురానికొచ్చిన కొత్తల్లోనే నా చేతిలో గరిటె లాక్కుని స్పానర్ల పెట్టె పెట్టింది. "వంట వాడికీ వచ్చు. నువ్వు షెడ్డులో పని నేర్చుకో, మరదలా. చేతిలో పనుంటే నోట్లో మాటుంటుంది" అంది. అప్పుడు ఒళ్ళు మండింది. ఇవాళ మా మెకానిక్ షెడ్డులో విప్పిన సామాను కిరసనాయిలుతో కడిగేదీ, నట్లు కలిసిపోకుండా వరసన పెట్టేదీ, మా ఆయన వెనక్కి చెయ్యి చాస్తే అడక్కుండానే కావాల్సిన స్పానరు అందించేదీ నేనే. ఆ ఒళ్ళు మంట ఎప్పుడు చల్లారిందో గుర్తులేదు.

వదిన బండి నేర్చుకున్నదీ మా షెడ్డులోనే. రిపేరుకొచ్చిన కార్లని ఆ ఇరుకులో వెనక్కి తీసి, పక్కకి పెట్టి, మళ్ళీ బయటికి తీసి. అందుకే ఆవిడకి ముందుకి నడపడం కంటే వెనక్కి నడపడం ముందొచ్చింది. ఆవిడ భర్త దర్జీ. అన్నయ్యగారు అంటాను నేను. ఆయన నోట మాట రావడమంటే సూదిలో తాడు ఎక్కించినంత పని. "మా ఇంటికి రాసిపెట్టిన మాటలన్నీ మీ వదినే వాడేస్తుందమ్మా" అని ఒకసారి అన్నాడు, అదే ఆయన అన్న అతి పెద్ద మాట. వ్యానులో ఒక్కో సీటుకి ఒక్కో రంగు తొడుగు కుట్టిపెట్టింది ఆయనే. చిన్నపిల్లలు సీటు నంబరు చెప్పరు కదా, "నేను పసుప్పచ్చలో కూచుంటా" అని కొట్టుకుంటారు.

ఇక ఆ పాట సంగతి.

వ్యాను స్టార్ట్ చేయగానే ఇంజను ముందు వైపునుంచి గలగలమని ఒక చప్పుడు వచ్చేది. డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు. కాసేపటికి ఆగిపోయేది. బండి కొన్ననాటినుంచీ ఉందట. వదిన దానికి "నవ్వు" అని పేరు పెట్టింది. పొద్దున వదిన ఇంటి ముందు మొదట ఎక్కే నలుగురు పిల్లలూ, సాయంత్రం బడి ముందు ఎక్కే పిల్లలందరూ ఆ నవ్వు కోసం చేతులు పైకెత్తి కూచునేవాళ్ళు. తాళం తిప్పగానే చప్పట్లు, పాట.

*గలగలా గలగలా బండి నవ్విందీ!*

నవ్వు ఆగగానే అందరూ ఒక్కసారి "ఆగిందీ!" అని అరవాలి. ఎవరు ముందు అరిస్తే వాళ్ళు గెలిచినట్టు. అంతే ఆట. మా చిన్నది మొదటిసారి బడికెళ్ళిన రోజు ఏడవకుండా ఇంటికొచ్చిందంటే ఆ పాట పుణ్యమే. బడి ఎలా ఉందే అంటే బడి గురించి ఒక్క ముక్క చెప్పలేదు, బండి నవ్విందని చెప్పింది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు అంటారు కదా, వదిన ఆ బాపతు కాదు. తమ్ముడి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తన బండిమీద పడనిచ్చేది కాదు, నూనె మార్చే వేళ దాటనిచ్చేది కాదు. కానీ ఎప్పుడు తెచ్చినా పిల్లల్ని దింపేసి, ఇంజను వేడిమీదుండగా తెచ్చేది. వేడిమీద ఆ చప్పుడు రాదు. నూనె మార్చాక మొదటిసారి స్టార్ట్ చేస్తే ఏ బండైనా కాస్త గలగలమంటుంది, దాన్ని మా ఆయన పట్టించుకోడు. "ఏమన్నా ఇబ్బందుందా అక్కా?" అని అడిగేవాడు. "నా బండికేంట్రా, నవ్వుతూ తుళ్ళుతూ ఉంది" అనేది. ఆవిడ ఉన్నమాటే చెప్పింది. ఈయన అక్క వేళాకోళం అనుకున్నాడు.

ఒకరోజు సాయంత్రం భోజనాల దగ్గర మా చిన్నది కంచం పక్కన కూచుని చప్పట్లు కొడుతూ పాడుతోంది. ఆ పాట మాకు కొత్తేం కాదు, ఇంట్లో దాని మోత రోజూ ఉండేదే. నేను ముద్ద కలుపుతున్నాను. అది పాడుతూనే ఉంది.

*గలగలా గలగలా బండి నవ్విందీ
గిలిగింతలు దానికెవరు పెట్టిందీ?
చక్రాలు కాదంట, అద్దాలు కాదంట,
ఎక్కిళ్ళు వచ్చినా ఆగకున్నదీ!*

"ఆగిందీ!" అని అరిచి, గెలిచినట్టు చేతులు పైకెత్తింది.

మా ఆయన నవ్వుతూ, "ఒక్క ముక్క పాట కదే, ఇంత తోకెప్పుడు మొలిచింది?" అన్నాడు.

"అప్పుడు బండి తొందరగా ఆగిపోయేది నాన్నా. ఇప్పుడు చాలాసేపు నవ్వుతోంది. పాట అయిపోయినా నవ్వు అయిపోవట్లేదని హారనత్త కొత్త ముక్కలు కట్టింది."

ఆయన నోటి దగ్గరి ముద్ద నోటి దగ్గరే ఉండిపోయింది.

"బండి నిజంగానే చప్పుడు చేస్తోందా? ఏదీ, ఎలా నవ్వుతుందో చేసి చూపించు" అన్నాడు. గొంతు మారిపోయింది. చిన్నది భయపడి నా వంక చూసింది. నేను ఊఁ అన్నాను. అది పళ్ళు బిగించి, నాలుక ఆడించి, వదులు గొలుసు రేకుకి కొట్టుకుంటున్నట్టు ఒక చప్పుడు చేసింది. పిల్లలు అనుకరించడంలో ఎంత కచ్చితంగా ఉంటారో చూడండి. షెడ్డులో ఇన్నేళ్ళుగా పడి ఉన్నదాన్ని, నాకూ అర్థమైపోయింది. కలిపిన అన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

"ఎక్కిళ్ళేమిటమ్మా?" అన్నాడు ఆయన, ఈసారి నెమ్మదిగా.

"వంతెన దిగేటప్పుడు ఒకరోజు బండికి ఎక్కిలొచ్చింది. హిక్ అని ఎగిరింది. మేమందరం నవ్వాం. అందుకని అత్త పాటలో పెట్టింది."

ఇంజను సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. ఇంజను లోపల కింద పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి, పైన వాల్వులు తెరుచుకుని మూసుకుంటాయి. ఇది వచ్చేసరికి అది తప్పుకోవాలి, లేకపోతే రెండూ ఢీకొంటాయి. ఆ వరస తప్పకుండా కిందివాటినీ పైవాటినీ కలిపి తిప్పేది ఒక్క చెయిను, దాన్ని పట్టుకునే పళ్ళచక్రాలు. చెయిను సాగిపోతే, స్టార్ట్ చేసిన కొత్తలో నూనె ఒత్తిడి అందేదాకా వదులుగా ఊగుతూ గోడలకి కొట్టుకుంటుంది. ఎంత సాగితే అంతసేపు కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడాన్నే మా వదిన నవ్వనుకుంది.

మర్నాడు సెలవు. తెల్లవారీ తెల్లవారకముందే వదిన ఇంటికి వెళ్ళాం. వ్యాను రేకుల కింద నిలబడి ఉంది, రాత్రంతా చల్లారి. వదిన తడి జుట్టుతో బయటికొచ్చి, "ఏంట్రా, మొగుడూ పెళ్ళాం పొద్దున్నే ఊరేగింపు?" అంది.

"ఒకసారి స్టార్ట్ చెయ్యక్కా."

"నీకూ పాట కావాలా?" అని నవ్వుతూ ఎక్కి తాళం తిప్పింది.

ఆ చప్పుడు నేను చచ్చేదాకా మర్చిపోను. నాకు తెలియకుండానే నా పెదాలు పాట అందుకున్నాయి. ఒక ముక్క అయింది, రెండయింది, చక్రాలు కాదంట, అద్దాలు కాదంట... ఇంకా గలగలమంటూనే ఉంది. మా ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆ చెయ్యి తీసి "ఆపు!" అని ఒక్క కేక వేశాడు. అక్క మీద ఆయన గొంతెత్తడం నేను చూడటం అదే మొదలు. వదిన బిత్తరపోయి తాళం తిప్పేసింది. ఈయన కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆ తాళం లాక్కుని జేబులో వేసుకున్నాడు.

"ఇది ఇక్కడినుంచి నడిచి రాదు. తాడు కట్టి లాక్కెళ్తాను."

"మతి పోయిందా? రేపు పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారు?"

"ఎవరైనా సరే. ఇది మాత్రం కాదు."

దారంతా వదిన వ్యానులో కూచుని, తాళం లేకపోయినా తిరిగే ఆ పాత స్టీరింగు తిప్పుతూ, ముందు లాగుతున్న తమ్ముణ్ణి తిడుతూనే వచ్చింది. షెడ్డులో పాత టైరు మీద కూలబడి కూడా తిట్లు ఆపలేదు. చిన్న జలుబుకి ఆపరేషన్ చేస్తావా అంది. చిన్నప్పుడు గడియారం విప్పి మళ్ళీ బిగించలేకపోయిన సంగతి తీసింది. నేను లైటు పట్టుకున్నాను. ఆయన మాట్లాడకుండా నూనె దింపాడు, బెల్టు తీశాడు, అది తిరిగే కింది పెద్ద కప్పీ లాగాడు, ముందు మూత చుట్టూ ఉన్న బోల్టులు ఒక్కొక్కటీ విప్పి నాకిచ్చాడు. మూత పట్టు వదిలి చేతిలోకి వచ్చింది.

వదిన తిడుతున్న తిట్టు సగంలో ఆగిపోయింది.

లోపల చెయిను తీగమీద ఆరేసిన తడిబట్టలా వేలాడుతోంది. దాన్ని పట్టి ఉంచాల్సిన ప్లాస్టిక్ పట్టీ సగం లేదు. మిగతా సగం నూనె తొట్టి విప్పితే దాని అడుగున దొరికింది, ముక్కలుముక్కలుగా. చెయినుని బిగించి ఉంచే మీట ఇక పోవడానికి చోటు లేక చివరికంటా బయటికొచ్చేసింది. పళ్ళచక్రాల పళ్ళు అరిగి అరిగి, ఒకవైపుకి ఒరిగి, పిల్లి గోళ్ళలా ఉన్నాయి. మా ఆయన చూపుడువేలితో చెయినుని పైకెత్తాడు. ఎత్తినంతా లేచింది. నేను ఎన్నో ఇంజన్లు విప్పగా చూశాను, ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. "అయ్యో, అయ్యో" అంటున్నాను. ఎవరో అంటున్నట్టు వినబడింది నాకే.

ఆయన మోకాళ్ళ మీద కూచుని గుర్తులు చూశాడు. చక్రాల మీద చుక్కలుంటాయి, అవన్నీ వాటి వాటి గుర్తులకి ఎదురుగా రావాలి. కింది చుక్క సరిగ్గా ఉంది. పైచక్రం చుక్క పక్కకి జరిగి ఉంది. ఆయన మళ్ళీ చూశాడు. గుడ్డతో తుడిచి ఇంకోసారి చూశాడు. తర్వాత వెనక్కి కూలబడ్డాడు.

"ఏంట్రా?" అంది వదిన.

"ఒక పన్ను జారిపోయిందక్కా. ఎక్కిలి కాదది."

"అంటే?"

"అంటే చెయిను ఒకసారి పట్టు తప్పి, ఎలాగో మళ్ళీ పట్టుకుంది. ఇంకొక్క పన్నో రెండో జారితే వాల్వులు, పిస్టన్లు గుద్దుకుని ఇంజను అక్కడికక్కడ చచ్చిపోయేది."

"ఇంజను పోతే పోతుంది. బండి పక్కకి ఆపుకుంటాం" అంది వదిన. కానీ గొంతులో పస లేదు.

మా ఆయన జవాబు చెప్పకూడదని చూశాడు. ఆవిడ "చెప్పరా" అంది. చెప్పాడు. "వంతెన దిగుడులో ఇంజను పోతే స్టీరింగు రాయైపోతుంది. బ్రేకు ఒకటి రెండుసార్లు తొక్కేసరికి గట్టిపడిపోతుంది. కింద సిగ్నల్ దగ్గర లారీలు ఆగి ఉంటాయి."

ఎవరో బయట సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. నా కళ్ళముందు పసుప్పచ్చ సీటు తొడుగు, దాని మీద మా చిన్నది, పైకెత్తిన చేతులు. లైటు కింద పెట్టేశాను. నా కోపం ఎవరిమీదో కూడా నాకప్పుడు తెలీదు. తెలిసి ఉంటే వదిన మొహం మీదే అనేసేదాన్ని.

కానీ ఆవిడే అంది. చాలా చిన్న గొంతుతో. ఆవిడకి అంత చిన్న గొంతు ఉందని నాకు తెలియదు.

"అది పొడుగవుతోందని నాకు తెలుసురా. నేనే కదా కొలిచింది. పాట సరిపోవట్లేదని ముక్క మీద ముక్క అతికాను. చెయిను సాగుతుంటే నేను పాట సాగదీశాను."

లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. ఆ చేతులకి నూనె మరకే లేదు. అయినా కడుగుతూనే ఉంది. తర్వాత చీరకొంగుతో తుడుచుకుని, "తాళం నీ దగ్గరే ఉంచు. నేనిక నడపను" అని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆవిడ చేసిన పని వినండి. ఏ మనిషైనా చేతులు కాలితే దాచుకుంటాడు. ఈవిడ ఇల్లిల్లూ తిరిగింది. వ్యానెక్కే ప్రతి పిల్ల ఇంటికీ, ప్రతి పిల్లాడి ఇంటికీ. గుమ్మంలో నిలబడి, "ఇంజను పాడైపోతోందని చప్పుడు చెబుతూనే ఉంది. నేను దానికి పాట కట్టి మీ పిల్లలతో పాడించాను. నా అదృష్టం, మీ అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. వేరే బండి చూసుకోండి" అని చెప్పిందట. ఒకావిడ నోరు తెరుచుకుని వింటూ నిలబడిపోయిందట. ఒకాయన నానా మాటలూ అన్నాడట. ఒకచోట తలుపు ధడాలున మూసేశారట. ఇవన్నీ అన్నయ్యగారు వచ్చి చెప్పాడు, ఆయన! మా షెడ్డు గుమ్మంలో నిలబడి, ఒక్క ఊపులో అన్ని మాటలు చెప్పాడు.

"ఇంటికొచ్చి పడుకుంది. మాట్లాడటం లేదు. నిన్న నా కుట్టుమిషను చప్పుడు నాకు వినబడిందమ్మా. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎప్పుడూ వినలేదు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన కళ్ళు చూస్తే నవ్వు రాలేదు.

సామాను వచ్చింది. కొత్త చెయిను, కొత్త పళ్ళచక్రాలు, పట్టీలు, బిగువు మీట. చెయిను ఒక్కటే మారిస్తే సరిపోదా అని కొందరు అడుగుతుంటారు. అరిగిన పళ్ళ మీద కొత్త చెయిను వేస్తే, ఆ పళ్ళు కొత్తదాన్నీ తమలాగే చేసుకుంటాయి. అన్నీ కలిపి మార్చాల్సిందే. నేను నూనె తొట్టి కడిగి, ప్లాస్టిక్ ముక్కలన్నీ ఏరి, నూనె వడకట్టే జల్లెడలో ఇరుక్కున్నవి సూదితో తీశాను. విరిగిన పట్టీని బల్లమీద పేర్చి, ఒక్క ముక్క కూడా ఇంజనులో మిగల్లేదని చూసుకున్నాకే లేచాను. మా ఆయన పై షాఫ్టుల్ని వాటి చోటికి తిప్పి, కొత్త చక్రాలు బిగించి, చెయినులో రంగు వేసిన లింకుల్ని చుక్కలకి ఎదురుగా కూచోబెట్టాడు. ఊపిరి బిగబట్టి చూశాం ఇద్దరం. అన్నీ కుదిరాయి.

అక్కడ పని ఆగిపోయింది.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది, మా మామగారి కాలం నాటిది. చెయిను మార్చిన ఇంజనుని ముందే తాళంతో స్టార్ట్ చెయ్యం. కింది షాఫ్టుకి పెద్ద స్పానరు తగిలించి, చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పి, చుక్కలు మళ్ళీ కలిశాయో లేదో చూస్తాం. ఎక్కడైనా తగిలితే చెయ్యి ఆగిపోతుంది, నష్టం ఉండదు. ఇది అందరు మెకానిక్‌లూ చేసేదే. మా మామగారు మాత్రం మొదటి చుట్టు తను తిప్పి, రెండో చుట్టు బండి యజమాని చేత తిప్పించేవాడు. తను నడిపే బండి లోపల ఎంత బరువు కదులుతోందో వాడి చేతికి ఒక్కసారైనా తెలియాలనేవాడు. పెద్ద పెద్ద ఉద్యోగస్తులు కూడా చొక్కా చేతులు మడిచి తిప్పి వెళ్ళినవాళ్ళే.

మా ఆయన మొదటి చుట్టు తిప్పాడు. స్పానరు అలాగే వదిలేసి, అక్కకి కబురు పంపాడు. ఆవిడ రాలేదు. "వాణ్ణే తిప్పుకోమను" అందట. ఈయన స్పానరు ముట్టుకోలేదు. వేరే బండ్లు చేసుకుంటూ, ఆ వ్యానుని షెడ్డు నడిమధ్య అలాగే ఉంచాడు. అందరం దాని చుట్టూ తిరిగి వెళ్ళాల్సొచ్చేది, ముందుకి పొడుచుకొచ్చిన ఆ స్పానరు నా నడుముకి రోజూ తగిలేది.

"మీరే తిప్పేయొచ్చుగా ఏమండీ? తను రానంటోంది" అన్నాను చిరాగ్గా.

"అయితే ఇక్కడే తుప్పుపడుతుంది" అన్నాడు. తోడబుట్టినవాళ్ళు కదా, మొండితనం ఇద్దరికీ సమానంగా పంచిపెట్టారు.

చివరికి నేనే వెళ్ళాను. వదిన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అనుకున్న మంచిమాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. కడుపులో ఉన్నదే బయటికొచ్చింది.

"మీ మీద నాకు చాలా కోపంగా ఉంది వదినా. నా పిల్ల ఉంది ఆ బండిలో. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు వణుకుతోంది. కానీ మీరిలా పడుకుంటే నేనెవర్ని తిట్టుకోను? లేచి రండి."

వదిన ఇటు తిరిగింది. లేచి చెప్పులు వేసుకుంది.

తమ్ముడు చోటు చూపించాడు, అక్క రెండు చేతులా స్పానరు పట్టుకుంది. మెల్లగా తిప్పింది. ఇంజను లోపల బరువు కదలడం, ఒక్కోచోట బిగిసి, మళ్ళీ వదలడం ఆవిడ మొహంలో కనబడింది. పైన కొత్త చక్రాలు తళతళలాడుతూ తిరిగాయి. చుక్కలన్నీ వచ్చి ఎదురెదురుగా నిలబడ్డాయి.

మూత వేసి, అన్నీ బిగించి, కొత్త నూనె పోశాం. కాసేపు నడిపి, ఎక్కడా కారడం లేదని చూసి, చల్లారడానికి వదిలేశాం. మర్నాడు పొద్దున మళ్ళీ వదినని పిలిచి తాళం చేతిలో పెట్టాడు మా ఆయన. ఆవిడ ఎక్కి కూచుంది. భుజాలు బిగదీసుకుంది. తాళం తిప్పింది.

ఇంజను అందుకుంది. ఉండీ లేనట్టు మెత్తగా తిరుగుతోంది.

వదిన అలాగే బిగుసుకుని ఎదురుచూస్తోంది. "ఏదీ?" అంది.

"ఏదేంటి?"

"చప్పుడేదిరా?"

"లేదక్కా. ఉండకూడదు."

ఆవిడ తమ్ముడి వంక చూసింది, ఇంజను వంక చూసింది. "ఇంత నెమ్మదిగా ఉండాలా ఇది? కొన్నరోజునుంచీ ఇది నవ్వుతూనే ఉందిరా. దాని గొంతే అంత అనుకున్నాను నేను. నాలాగే." అని స్టీరింగు మీద తల పెట్టి భోరున ఏడ్చింది. ఇన్నాళ్ళుగా రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. మా ఆయన పక్కకి తిరిగి, శుభ్రంగా ఉన్న స్పానరునే గుడ్డపెట్టి తుడుస్తూ నిలబడ్డాడు.

వ్యాను మళ్ళీ నడుస్తుందని తెలిసి కొందరు పిల్లల్ని పంపుతామన్నారు. దాచకుండా చెప్పింది కాబట్టే పంపుతున్నామని ఒక తండ్రి అన్నాడట. సగం ఇళ్ళవాళ్ళు ఇక పంపం అనేశారు. వాళ్ళని నేను తప్పుపట్టను. ఎందుకంటే బడి రోజు పొద్దున నేనే వదిన ఇంటిదాకా తీసుకెళ్ళిన మా చిన్నది సంచి తగిలించుకుని వ్యాను మెట్టెక్కుతుంటే, దాని చెయ్యి పట్టుకున్న నా చెయ్యి వదలనంది. ఇంజను విప్పింది నా ఎదురుగా, కడిగింది నా చేత్తో. అయినా వదలనంది.

వదిన అద్దంలోంచి చూసింది. ఆవిడకి అర్థంకానిదేముంది?

"నేనూ వస్తాను" అన్నాను.

"నా మీద నమ్మకం లేదా?"

"లేదు వదినా. అందుకే వస్తున్నాను."

అనేశాక నాలుక కరుచుకున్నాను. కానీ ఆవిడ మొహంలో నొప్పి కనబడలేదు. "మంచిది. ఎక్కు. వెనక తలుపు సరిగ్గా వెయ్యి" అంది.

పిల్లలు అలవాటుగా చేతులు పైకెత్తారు. తాళం తిరిగింది. చప్పుడు లేదు. పైకెత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"అత్తా, బండి నవ్వలేదు" అంది మా చిన్నది.

"అది నవ్వు కాదే. నొప్పి. నాకు తెలియలేదు" అంది వదిన. పిల్లలు చేతులు మెల్లగా దించుకున్నారు.

వంతెన ఎక్కాం. పైనుంచి చూస్తే కింద సిగ్నల్ దగ్గర ఆగిన లారీలు కనబడ్డాయి. దిగుడు మొదలైంది. నేను ముందు సీటు కమ్మీ పట్టుకున్నాను. వదిన తల కాస్త పక్కకి వంచి ఇంజనునే వింటోంది. ఆవిడని చూసి పిల్లలూ తలలు పక్కకి వంచారు. అందరూ వింటున్నారు, మా చిన్నది కూడా, ఊపిరి బిగబట్టి. అన్ని ఖాళీ సీట్ల మధ్య అంత చిన్నపిల్లలు, అంత నిశ్శబ్దంగా. ఆ పాట నేర్పిన పాఠం ఇదా అనిపించింది నాకు.

కిందికి దిగాం. లారీల వెనక బ్రేకు మెత్తగా పడింది, బండి ఆగింది. ఆకుపచ్చ లైటు వెలిగింది. ముందున్న లారీ కదలలేదు.

వదిన ముందుకి వంగింది. చెయ్యి హారను మీదికి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. కిటికీ అద్దం దించి, తల బయటికి పెట్టింది.

"జరగండో!"

లారీ జరిగింది. నేను కమ్మీ వదిలేశాను.